తొమ్మిది మీటర్ల అరవై

14-03-2023, మంగళవారం. పొద్దున మబ్బు, గాలి లేదు, వాన పడే సూచన లేదు. లాండ్రీ మురుగుకాల్వ జాలీలో పేరుకున్న దారప్పోగులు తీసి కడిగాను. బకెట్టున్నర వచ్చాయి.

ఇది నా వీలునామా. నాకు అరవై తొమ్మిదేళ్ళు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, బుద్ధి మాత్రం నిలకడగా ఉంది. ఇది రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. బలవంతంగానైనా నాచేత నాలుగు మాటలు మాట్లాడించగలిగినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దస్తావేజుల గుమాస్తా ఒక నమూనా ఇచ్చాడు. కుదిరినంతవరకు దాని ప్రకారం, మిగతాది నాకు తెలిసినట్టు, నా చేత్తో నేనే రాస్తున్నాను. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత ఆయనది. ఒప్పుకున్నాడు.

1. నేను ఉంటున్న రెండు గదుల ఇల్లు, అందులోని సామాను, బ్యాంకులో ఉన్నది యావత్తూ నా భార్యకు సర్వహక్కులతో చెందవలసినది. కిటికీ పక్క మంచం కూడా ఆమెదే. ఇన్నేళ్ళూ గాలి నాకు తగలాలని ఆమె గోడవైపు పడుకుంది. ఆ సంగతి నాకు తెలీదని అనుకుంటోంది.

2. పడక కుర్చీ మా అల్లుడుగారికి. పెళ్ళయినప్పటి నుంచీ వచ్చినప్పుడల్లా అందులోనే ఉంటున్నారు. స్వాధీనం ఎప్పుడో అయిపోయింది, కాగితం ఒక్కటే బాకీ.

3. లాండ్రీలో నాకు వాటా లేదు. అది మా అన్నయ్య పెట్టింది, ఆయన పోయాక ఆయన కొడుకుది అయింది. మా అన్నయ్య నాతో, "చదువు రానివాడివి, కౌంటరు దగ్గర నిలబడితే పరువు పోతుంది, బావి చూసుకో," అన్నాడు. అందరిలో అన్నాడు. దాన్ని నేను మర్చిపోలేదు, ఇప్పుడు మాఫీ చేస్తున్నాను. ఆస్పత్రి దుప్పట్ల మూలల్లో కుట్టిన చీటీలు చూసి నేను అక్షరాలు నేర్చుకున్నాను. "మగవారి వార్డు 3" అనేది నేను మొదట చదివిన వాక్యం. లెక్కలు కూడా దుప్పట్ల కట్టలతోనే వచ్చాయి. అన్నయ్య ఆ మాట అనకపోతే నేర్చుకునేవాణ్ణి కాదేమో.

4. ఈ అంశంలో ఆస్తి ఏమీ లేదు. ఒక తప్పు ఉంది. అది కూడా నా వారసులకే వెళ్తుంది గనక రాయక తప్పదు.

పదకొండేళ్ళుగా నేను రోజూ పొద్దున్నే బావిలోకి తాడు వదిలి నీళ్ళ మట్టం కొలిచి పుస్తకంలో రాస్తున్నాను. తాడుకి మీటరుకో ముడి, చివర రెండు కిలోల తూకం రాయి. బావి లోతు ముప్పై మీటర్లు. మొదటి రోజు పన్నెండు ముడుల దగ్గర నీళ్ళు తగిలాయి. మొన్న జనవరిలో పదిహేడు ముడులు. ఒక్కరోజు కూడా తప్పలేదు. తాడు కూడా మార్చలేదు. మారిస్తే పాత లెక్కకీ కొత్త లెక్కకీ పొత్తు కుదరదని నా భయం. ఎవరైనా కొత్త తాడు కొనమంటే గర్వంగా వద్దనేవాణ్ణి.

ఫిబ్రవరిలో తాడు తెగింది. స్టీలు టేపు కొన్నాను. ఆ రోజు టేపు ఇరవై మీటర్ల నలభై చూపించింది. ఒక్క రాత్రిలో బావి మూడున్నర మీటర్లు దిగిపోయిందనుకున్నాను. తర్వాత ఎందుకో తెగిన తాడు నేల మీద పరిచి ముడికీ ముడికీ మధ్య టేపు పెట్టి చూశాను. మీటరు ఉండాల్సిన చోట మీటరు ఇరవై సెంటీమీటర్లు ఉంది. రోజూ ఆ రాయి బరువుకి, ఆ తడికి, తాడు కొద్దికొద్దిగా సాగుతూ వచ్చింది. నీళ్ళు దిగుతున్నాయి, తాడూ వాటి వెంట దిగుతోంది, నేను ముడులు లెక్కపెడుతున్నాను.

నా తాడు ప్రకారం ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళ నీళ్ళున్నాయి. టేపు ప్రకారం మిగిలింది తొమ్మిది మీటర్ల అరవై, అంటే పన్నెండేళ్ళు. లాండ్రీ కోసం బావికి రెండో పంపు పెట్టాక దిగుతున్న వేగం చూస్తే ఏడు.

ఆ రెండో పంపు నా పుస్తకాల మీదే వచ్చింది. మూడేళ్ళ కిందట నీటి ఆఫీసువాళ్ళు మీటింగు పెట్టారు. ఈ ప్రాంతంలో బావి మట్టం రోజూ రాసినవాడు నేనొక్కణ్ణే. ఆఫీసరు నా పుస్తకాలు తిరగేసి, "పెద్దాయనా, ఇలాంటి మనిషి ఊరికొకరుంటే చాలు," అన్నాడు. చప్పట్లు కొట్టారు. అనుమతి ఇచ్చారు. రెండో షిఫ్టు మొదలైంది, పంతొమ్మిది మంది ఆడవాళ్ళకు పని దొరికింది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

5. ఆ మీటింగులో ఇచ్చిన కాగితం గోడకి అంటించి ఉంది. మూడు వలయాలు. ఒకటి సంపాదన, ఒకటి మనుషులు, ఒకటి నేలా నీరూ. మూడూ కలిసే చోట ఆఫీసరు వేలు పెట్టి, "మనం ఎప్పుడూ ఇక్కడ ఉండాలి," అన్నాడు. ఆ చోటు నా బొటనవేలి గోరంత ఉంటుంది. కాగితం కావలసినవాళ్ళు తీసుకోవచ్చు. ఎవరూ అడగకపోతే గోడకే ఉంచండి, వెనక పెచ్చు ఊడింది.

6. ఇక బావి. బావీ, దాని చుట్టూ ఉన్న నాలుగు సెంట్ల స్థలమూ నా స్వార్జితం. ఇది ఎవరికి రాయాలో తేలక నెల రోజులు తిరిగాను. ఎవరెవరు ఏమన్నారో రాస్తాను. తర్వాత ఎవరూ చెప్పలేదని అనకూడదు.

తాడు సంగతి ముందుగా మా అన్నయ్య కొడుక్కి చెప్పాను. మంచివాడు. వేరేచోట తలుపు దగ్గరే పొమ్మన్నవాళ్ళని పిలిచి పనిచ్చాడు. నన్ను కోప్పడలేదు. "బాబాయ్, జాడించిన నీళ్ళు శుభ్రం చేసి మళ్ళీ వాడే ట్యాంకు ఉంది. అది పెడితే సగం నీళ్ళు మిగులుతాయి. కానీ ఇంకో రెండు మిషన్లు పెట్టి పని పెంచితేనే దానికి అప్పిస్తామంటోంది బ్యాంకు," అన్నాడు. అంటే, నీళ్ళు తక్కువ వాడాలంటే ముందు ఎక్కువ వాడాలి. తప్పెక్కడుందో వెతికాను. కనిపించలేదు.

మా అమ్మాయి కిందివీధిలో ఉంటుంది. అక్కడ చేతిపంపులు రెండేళ్ళ కిందటే గాలి కొట్టడం మొదలుపెట్టాయి. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కూర్చుంటారు. నా పుస్తకం తీసుకెళ్ళి నీళ్ళకి ఢోకా లేదని అప్పట్లో నేనే ఆ వీధివాళ్ళకి చూపించాను. అది గుర్తుపెట్టుకుంది. మొన్న టేపు లెక్క చెప్తే, "నీ లెక్క ఇప్పుడు కుదిరిందా నాన్నా? మా బిందె ఎప్పుడో చెప్పింది," అంది. పంపు ఆపించమని మాత్రం అడగలేదు. అడిగితే బాగుండేది.

ఆఫీసరు దగ్గరికి కూడా వెళ్ళాను. పాతాయన బదిలీ అయ్యాడు. కొత్తాయన టేపు లెక్క చూసి, "పదకొండేళ్ళ రికార్డు ఒక్క టేపు కోసం ఎలా కొట్టేస్తాం? అర్జీ పెట్టండి," అన్నాడు. పెట్టాను. రసీదు ఇనప్పెట్టెలో ఉంది.

చివరికి, దుప్పట్లు మడతపెట్టే ఆమెకి చెప్పాను. మూడేళ్ళు జైల్లో ఉండి వచ్చిన మనిషి. ఎక్కడా పని దొరకనప్పుడు రెండో షిఫ్టులో చేరింది. ఆమె మడత పెట్టడం ఆపకుండానే విని, "ఏడేళ్ళా? అన్నా, మా ఇంట్లో గింజలు శనివారానికే అయిపోతాయి," అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

కాబట్టి బావీ స్థలమూ మా అన్నయ్య కొడుక్కీ, మా అమ్మాయికీ చెరిసగం. నీళ్ళు ఇరవై అయిదు మీటర్లకి దిగితే రెండు పంపులూ ఆపెయ్యాలని ఒక షరతు రాశాను. గుమాస్తా చదివి, "మనుషులకి షరతు పెట్టగలం గానీ, నీళ్ళకి పెట్టలేం కదా. ఎవరు కొలుస్తారు, ఎవరు ఒప్పుకుంటారు?" అన్నాడు. తీసేశాను. ఇద్దరూ కలిసి తేల్చుకోవాలని కోరడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. తేల్చుకోలేరని కూడా తెలుసు. చేతకాక ఇద్దరి మీదా పడేస్తున్నాను, మన్నించండి.

రెండో పంపు విషయం: నా తదనంతరం అది ______________.

7. కొలతల పుస్తకాలు పదకొండు. అమ్మాయికి. అందులో అంకెలు తప్పు, రోజులు మాత్రం నిజం. నీకు కొడుకు పుట్టిన రోజు చూస్తే "14 ముడులు, జల్లు" అని ఉంటుంది. ఆ పక్కన ఇంకేదో రాయబోయి పెన్ను ఆపిన చుక్క ఉంది. ఏం రాయాలో తెలియలేదు తల్లీ. చుక్క చూడు.

8. నా గొడుగు మడతల ఆమెకివ్వాలని అనుకున్నాను. సాక్షి సంతకం చేసేవాళ్ళకి వీలునామాలో ఏమీ ఇవ్వకూడదని గుమాస్తా చెప్పాడు. నేను రాసింది పూర్తిగా చదివించుకుని విని, మొహమాటం లేకుండా సాక్షిగా నిలిచే మనిషి నాకు ఇంకొకరు దొరకలేదు. అందుకని గొడుగు నిన్ననే చేతికిచ్చేశాను. ఒక ఊచ విరిగిందని చెప్పే ఇచ్చాను.

ఇందులో రాసినదంతా నా ఇష్టపూర్వకంగా రాసింది. చదివి చూసుకున్నాను.

తేదీ: 14-03-2023, మధ్యాహ్నం ఒంటిగంట నలభై.

(సంతకం) బావి దగ్గరాయన, లాండ్రీ యజమాని బాబాయి

సాక్షులు:
1. దుప్పట్లు మడతపెట్టే ఆమె, రెండో షిఫ్టు (వేలిముద్ర)
2. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, కిందివీధి (సంతకం)

కొట్టివేతలు: ఆరో అంశం చివరి వాక్యంలో "ఆపవలసినది" అని రాసి కొట్టేశాను. "నడపవలసినది" అని రాసి కొట్టేశాను. మళ్ళీ "ఆపవలసినది" అని రాసి కొట్టేశాను. మూడూ నావే, పక్కన పొట్టి సంతకం ఉంది. ఆ చోటు ఖాళీగా వదిలింది కూడా నేనే. అందులో ఇంకెవరూ ఏమీ రాయకూడదు. సాక్షులిద్దరూ చూశారు.

రెండయింది. రెండో షిఫ్టువాళ్ళు వచ్చేశారు. పంపు స్విచ్చి వేసేది నేనే గనక మడతల ఆమె వాకిట్లోంచి, "అన్నా, నీళ్ళు!" అని కేకేస్తోంది. లేచి