ముందు ఏడాది కార్డు

బిషాన్, సింగపూరు
14 ఆగస్టు 2000

చిరంజీవి చెల్లాయి భానుమతికి అన్నయ్య సూర్యారావు ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. నీది వచ్చి పద్దెనిమిది రోజులైంది. మొదటి వారం కళ్ళజోడు మీద నెపం పెట్టాను, రెండో వారం పెన్ను మీద. ఇంక నెపం పెట్టడానికి ఇంట్లో వస్తువులు మిగల్లేదు. ఇక్కడ నేనూ మీ వదిన కుమారమ్మా క్షేమం. అంటే పొద్దున్నే లేస్తున్నాం, ఏదో తింటున్నాం, మాత్రలు వేసుకుంటున్నాం. ఆ మాటకి అంతకంటే అర్థం ఉండే రోజులు పోయాయి. నీ మోకాలు ఎలా ఉంది? ఎక్కువసేపు నిలబడే డ్యూటీలు వేయవద్దని ఆసుపత్రిలో చెప్పు. నువ్వు చెప్పవు, నాకు తెలుసు.

ముప్పయ్యేళ్ళుగా నర్సు పని చేస్తున్నదానివి. కొడుకు పోయిన సంగతి మీద కూడా కేసు షీటులో రాసినట్టు నంబర్లు వేసి ఐదు ప్రశ్నలు అడిగావు. చదవగానే నాలుగోదాని దగ్గర కాగితం మడిచేశాను. ఆ మడత ఇంకా అలాగే ఉంది. మిగతావాటికి ముందు చెబుతాను.

ఆ శనివారం ఉదయ్ టిఫిన్ చేశాడా అని అడిగావు. చేశాడు. మీ వదిన బజారుకి వెళ్ళింది కాబట్టి ఉన్న పిండితో తనే రెండు దోసెలు వేసుకున్నాడు. ఒకటి మాడింది. మాడినదే ముందు తిన్నాడు. మంచిది చివరికి దాచుకోవడం వాడికి చిన్నప్పటి అలవాటని నువ్వే ఎప్పుడో రాశావు. ఆ మంచి దోసె సగమే తిన్నాడు. ఆ మిగిలిన సగం నాలుగో ప్రశ్నకి చెందుతుంది.

వాడి సామాను గురించి అడిగావు. బట్టలు, పుస్తకాలు, నువ్వు అల్లిన స్వెట్టరూ ఒక పెట్టెలో సర్ది ఉంచాం. ఈ ఊళ్ళో ఏడాది పొడుగునా చెమటే. అయినా ఆఫీసులో చలి గాలి యంత్రం పెడతారని ఆ స్వెట్టరు రోజూ తీసుకెళ్ళేవాడు. మోచేతి దగ్గర చిరిగితే మీ వదిన కుట్టింది. కంపెనీ పాసు మాత్రం ఆ పెట్టెలో లేదు. దాని సంగతి తర్వాత.

ఉద్యోగంలో సంతోషంగా ఉన్నాడా అన్నావు. ఇది కొంచెం పొడుగు జవాబు, ఓపిక పట్టు. నువ్వు అక్కడ అందరితో మా వాడు సింగపూరులో బ్యాంకు కంప్యూటర్లన్నీ చూసుకుంటాడని చెప్పుకున్నావు. చాంగీ బిజినెస్ పార్కులో అలాంటి కుర్రాళ్ళు వేలకొద్దీ ఉన్నారమ్మా. రెండేళ్ళ కిందట, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి ఓడల్లో కూలీల్ని దింపినట్టు విమానాల్లో దింపారు. నేను యాభై మూడులో ఓడలో వచ్చాను, వీళ్ళు గాలిలో వచ్చారు, అంతే తేడా. కంప్యూటర్లు ఆగలేదు. వీడి కాంట్రాక్టు మాత్రం ఆరేసి నెలలకి పొడిగిస్తూ వచ్చారు. ఎవరు సెలవు పెడితే వాళ్ళ పని వీడిది. "మా టీమ్‌కి నేను స్టెప్నీని మామయ్యా" అని నవ్వేవాడు.

వాడు ఆ మాట మొదటిసారి అన్నరోజే నేను లేచి వెళ్ళి నా ఆల్బం తెచ్చాను. అదే నేను చేసిన మొదటి తప్పేమో.

ఆ ఆల్బం గురించి నీకు ఎప్పుడూ రాయలేదు, అరవయ్యేడేళ్ళ మనిషికి అట్టబొమ్మల పిచ్చేమిటని నువ్వు నవ్వుతావని. డెబ్భై రెండులో నేను సెంబవాంగ్ డాక్‌యార్డు స్టోర్సులో ఉండగా రిపేరుకి ఒక అమెరికా ఓడ వచ్చింది. అందులో వంటవాడు ఒకడు నాకు బబుల్‌గమ్ పొట్లం ఇచ్చాడు. లోపల ఒక ఆటగాడి బొమ్మ. బేస్‌బాల్ అని వాళ్ళ ఆట. కర్రాబిళ్ళకీ క్రికెట్‌కీ పుట్టిన బిడ్డ అనుకో. ఆ వంటవాడు చీపురు పట్టుకుని డెక్కు మీద పరిగెత్తి మరీ నాకు నేర్పించాడు. గమ్ నమిలి ఉమ్మేశాను, బొమ్మ దాచుకున్నాను. నాలుగో తరగతితో ఆపేసినవాణ్ణి కదా, నా ఇంగ్లీషంతా ఆ బొమ్మల వెనకవైపు అచ్చులోంచి వచ్చిందే.

ఆ దేశంలో ఏడాదంతా ఆడి, చివరికి అక్టోబరులో పెద్ద పోటీలు ఆడతారు. అక్కడ ఒక్కోసారి వింత జరుగుతుంది. కోట్లు తీసుకునేవాళ్ళు తేలిపోతారు, ఏడాది పొడుగునా బెంచీ మీద కూర్చున్న అనామకుడెవడో లేచి జట్టుని గెలిపిస్తాడు. మళ్ళీ ఏడాదికి వాడి పేరు ఎవడికీ గుర్తుండదు. నేను అలాంటివాళ్ళనే పోగుచేశాను. దానికి నాదొక నియమం ఉంది. గెలిచాక అచ్చువేసిన మెరుపు కార్డులు నాకొద్దు. ఆ ముందు ఏడాదివి కావాలి, వాడు ఎవడో ఎవరికీ తెలియనప్పటివి. తన నెత్తిన ఏం రాసి ఉందో ఆ ముఖానికి తెలియదు చూడు, ఆ తెలియనితనం కోసం. ఇరవయ్యెనిమిదేళ్ళలో అరవై మూడు దొరికాయి. ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక మన పేర్లు పెట్టుకున్నాను. కుంటి సన్యాసి అని ఒకడు, పొట్టి గవరయ్య అని ఒకడు. అందరికంటే ఇష్టమైనవాడు బొటనవేలి అప్పన్న. బంతి పట్టేవాడు. బొటనవేలు విరిగితే డాక్టరుకి చెప్పకుండా గుడ్డ చుట్టుకుని చివరాట ఆడి గెలిపించాడని ఆ వంటవాడు చెప్పాడు. నిజమో కాదో నాకు తెలియదు. ఆ ముందు ఏడాది అప్పన్న కార్డు కోసం పదకొండేళ్ళు వెతికాను.

ఇప్పుడు ఐదో ప్రశ్న. "ఆ అమూల్య అన్న పిల్ల సెలవురోజు నా కొడుక్కి ఫోన్ ఎందుకు చేసింది?"

పోయిన ఆదివారం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. ఉదయ్‌తో కలిసి పనిచేసేది, సెంగ్‌కాంగ్‌లో మరో ముగ్గురు ఆడపిల్లలతో ఉంటుంది, వాళ్ళది కాకినాడ దగ్గర. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. మేం ముందే పంపిన ఉదయ్ డైరీలో అడ్రసు చూసి నువ్వు ఆమెకి రాసిన ఉత్తరం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చింది, ఏదో సర్టిఫికెట్టులాగా. నాకు ఇచ్చి చదవమంది. "నా కొడుకుని చావుకి పిలిచిన నోరు నీది" అన్న వాక్యం కింద నువ్వు గీత కూడా గీశావు, భానూ.

ఆమె ఏడవలేదు. చాలా నెమ్మదిగా అడిగింది. "ఆంటీ రాసింది కరెక్టే కదా అంకుల్? టీమ్ లీడ్ లీవ్‌లో ఉన్నారు, కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆగిపోతుందని నేనే కాల్ చేశాను. నేను చేయకపోతే ఆయన వచ్చేవారు కాదు."

రిజైన్ చేసిందట. ఈ నెలాఖరుకి ఇంటికి వెళ్ళిపోతుందట. మళ్ళీ ఈ పని చేయనంది.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఉదయ్ కుర్చీలోంచి పడిపోయినప్పుడు ఆఫీసు హాల్లో తొమ్మిదిమంది ఉన్నారు. ఎనిమిదిమంది ఫోన్లు తీశారు. ఈ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని వాడి గుండె నొక్కింది, ఆంబులెన్సు వచ్చేదాకా పద్నాలుగు నిమిషాలు. కంపెనీలో ఒకరోజు ప్రథమ చికిత్స క్లాసు పెడితే, మధ్యాహ్నం బిర్యానీ పెడతారని వెళ్ళిందట. అక్కడ నేర్చుకున్నది. ఆసుపత్రిలో డాక్టరు ఎవరు నొక్కారని అడిగి, సరిగ్గా చేశావమ్మా అన్నాడు. పద్నాలుగు నిమిషాలు నొక్కితే చేతులు ఏమవుతాయో నాకంటే నీకు బాగా తెలుసు.

అలాంటి పిల్ల నా ఎదురుగా కూర్చుని తప్పు తనదేనా అని అడిగితే నేనేం చేశానో తెలుసా? టీ తాగుతావా అని అడిగాను. తాగింది. కప్పు కడిగి పెట్టి లిఫ్ట్ ఎక్కి వెళ్ళిపోయింది.

అందుకని నాలుగో ప్రశ్న. "బయల్దేరేముందు వాడు ఏమైనా అన్నాడా? చెమటలు పట్టాయా? చెయ్యి లాగిందన్నాడా?"

అన్నాడమ్మా.

ముందురోజు సాయంత్రం పోస్టులో అప్పన్న కార్డు వచ్చింది. పదకొండేళ్ళకి. ఆ పొద్దున నేను ఆల్బం తెరిచి బల్ల ముందు కూర్చున్నాను, పెళ్ళికొడుకులాగా. ఉదయ్ సగం దోసె పళ్ళెంలో వదిలేసి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నుదుటి మీద చెమట ఉంది. ఫ్యాను కింద నిలబడ్డా ఉంది.

"ఎడమపక్క ఏదో పట్టేసినట్టుంది మామయ్యా. గ్యాసేమోలే. అమూల్య కాల్ చేసింది, ఇవాళ రిలీజ్ నన్నే చూడమంటున్నారు. ఒంట్లో బాలేదని చెప్పేసి పడుకోనా?"

నన్ను అడిగాడు. మరోసారి చదువు. పడుకోనా అని అడిగాడు.

తొంభై ఎనిమిదిలో వాణ్ణి ఇక్కడికి పంపుతూ నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. "వీడు గ్యాస్ అంటే నమ్మకు అన్నయ్యా. వీళ్ళ నాన్న కూడా గ్యాసనే అన్నారు." బావ నలభై ఒకటో ఏట పోయాడు. నేను ఆ వాక్యం మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఇది వేరే ఉత్తరం అయ్యేది. వాడు గ్యాస్ అనగానే నీ అక్షరాలు నా కళ్ళముందు కదిలాయి. కానీ చేతిలో అప్పన్న ఉన్నాడు. మంచి కథ నోటిదాకా వచ్చింది. జన్మంతా కథలు చెప్పి బతికినవాణ్ణి, నోటిదాకా వచ్చిన కథని మింగడం నాకు చేతకాదు.

చెప్పాను. విరిగిన బొటనవేలూ, చుట్టిన గుడ్డా, చివరాటా మొత్తం చెప్పాను. చెప్పి, "బెంచీ మీద కూర్చున్నవాడికి ఎవడూ బొమ్మ వెయ్యడురా. ఇది నీ అక్టోబరు. వెళ్ళు" అన్నాను.

"మే నెలలో అక్టోబరేంటి మామయ్యా" అని నవ్వాడు.

గ్లాసుడు నీళ్ళలో ఈనో కలుపుకుని తాగాడు. పాసు మెడలో వేసుకున్నాడు. లిఫ్ట్ తలుపులు మూసుకునేదాకా నవ్వుతూనే ఉన్నాడు, అరచెయ్యి మాత్రం చొక్కా మీంచి తీయలేదు. అప్పుడు ఎనిమిదింబావు. పదకొండున్నరకి ఫోన్ వచ్చింది.

మర్నాడు ఫోనులో నీకు "నవ్వుతూ వెళ్ళాడమ్మా" అని చెప్పాను. అబద్ధం కాదు, సగం నిజం. సగం నిజం ఊరగాయలాంటిది, ఎన్నాళ్ళైనా పాడవకుండా ఉంటుంది. వాడి శవపేటికతోపాటు నేనూ వస్తాననుకున్నారు అందరూ. నడుంనొప్పి అన్నాను. నడుం బాగానే ఉంది. నీ కళ్ళకి భయపడ్డాను.

ఈ వంద రోజుల్లో ఒక సంగతి తెలిసింది. విరిగిన వేలితో ఆడి ఓడిపోయినవాళ్ళూ, చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళూ, మైదానంలోనే కూలినవాళ్ళూ ఎంతమంది ఉంటారో. వాళ్ళ కార్డులు నా ఆల్బంలో లేవు. ఒక్కడు గెలిస్తే ఆ ఒక్కణ్ణీ దాచి, దాన్నే లోకరీతి అని ఇరవయ్యెనిమిదేళ్ళు నమ్మాను. ఇంగ్లీషు బొమ్మల వెనక నేర్చుకున్నవాడి చదువు అంతే.

నిన్న మీ వదినకి చెప్పాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు. అన్నీ తీశాక ఆల్బం ఎక్కడుందని అడిగింది. చూపించాను. తీసుకెళ్ళి వంటింట్లో బియ్యం డబ్బా కింద పెట్టింది. అరవై మూడు మంది ఇప్పుడు దాని కింద ఉన్నారు.

వాడి పాసు ఈ కవరులో పంపుతున్నాను. కంపెనీవాళ్ళు వెనక్కి ఇమ్మన్నారు. పోయిందని చెప్పాను. గేటు దగ్గర సెక్యూరిటీ చైనా ముసలాయన నా ముఖం చూసి, ఇక్కడి ఇంగ్లీషులో "లాస్ట్ ఆ అంకుల్? నెవర్ మైండ్ లా", పోతే పోయిందిలే అని ఏదో రాసుకున్నాడు. దాని మీద ఫోటో వాడు ఉద్యోగంలో చేరిన రోజు తీసింది. కాలరు ఒక పక్కకి పోయింది, నవ్వాలో వద్దో తెలియక సగం నవ్వాడు. ఇన్నేళ్ళూ నేను వెతికిన ముఖం అదే. ముందు ఏమొస్తుందో తెలియని ముఖం. మంచి ఎలా చెప్పకుండా వస్తుందో చావూ అలాగే వస్తుందని నాకు తట్టనే లేదు. దాన్ని మూడు నెలలు ఆల్బం చివరి పేజీలో పెట్టుకున్నాను. నాకు ఆ హక్కు లేదు. నీది నువ్వు తీసుకో.

నన్ను క్షమించమని అడగను. తిట్టు, లేదా రాయడం మానేయి, ఏదైనా నాకు సమ్మతమే. కానీ అమూల్యకి ఒక ఉత్తరం రాయి. రెండు ముక్కలైనా చాలు. ఆమె ఈ నెల ముప్పయ్యిదాకా సెంగ్‌కాంగ్‌లోనే ఉంటుంది. ఆ గీత గీసిన వాక్యం అక్కడ ఉండకూడదు. అది ఇక్కడికి రావలసినది.

మోకాలికి నూనె రాయించుకో. ఒంటరిగా మెట్లు దిగకు.

ఇట్లు,
నీ నాలుగో ప్రశ్నకి వంద రోజులు ఆలస్యంగా జవాబు చెప్పిన
అన్నయ్య
సూర్యారావు

తా.క. పోస్టు చేసేముందు ఇది అమూల్య చూడాలనిపించి ఫోన్ చేసి పిలిచాను. సాయంత్రం వచ్చింది. నిలబడే మొత్తం చదివింది. మీ వదిన కాఫీ ఇస్తే బల్ల మీద పెట్టింది, తాగలేదు. అడ్రసులో పిన్‌కోడు తప్పు రాశానని దిద్దింది. పాసుకున్న ఇనప క్లిప్పు కవరుని చించేస్తుందని ఊడదీసి పక్కన పెట్టింది. స్టాంపులు అంటించింది.