బెనిటా కుడి వెనక కాలు

కాపర్ లోయ, నెవాడా
సెప్టెంబరు 9

అమ్మకు,

ఒక ప్రాణి స్వేచ్ఛగా బతకాలంటే దాని కడుపు మనం మూయాల్సిందేనా? ఏడేళ్ళుగా ఈ ప్రశ్న మోస్తున్నాను, నిన్నెప్పుడూ అడగలేదు. ఇక్కడ నేను, కుక్క, నాన్న పాత ట్రక్కు ముగ్గురం నడుస్తూనే ఉన్నాం. ఎల్కోలో నీ మోకాళ్ళూ అలాగే నడుస్తున్నాయని తలుస్తాను. నువ్వు ఇనుప కుండలో కాల్చి పంపిన రొట్టె మూడో రోజుకే అయిపోయింది. సగం నాతో పనికొచ్చే ముసలాయన ఎవరెట్ తిన్నాడు.

"హెలికాప్టర్ రావడం లేదట, నిజమేనా?" అని అడిగావు. నిజమే. మూడు రోజులు లోయంతా తిరిగి గుర్రాలను లెక్కపెట్టాం. ఈ ప్రభుత్వ భూమి నూట ఇరవై అడవి గుర్రాలనే మేపగలదని హద్దు. సరిగ్గా నూట ఇరవై తేలాయి. ఇంకొక్కటి ఉంటే హెలికాప్టర్‌తో తరిమి పట్టేవారు. ఏడేళ్ళ క్రితం గుంపును కంచెలోకి తోలినప్పుడు తల్లుల కోసం పిల్లలు పెట్టిన కేకలు నువ్వూ విన్నావు. ఆ వారం నువ్వు సరిగా వంట కూడా చేయలేదు.

ఆ తరువాతే కదా నేను యూనివర్సిటీ ఉద్యోగం వదిలి, ఆడగుర్రాలకు మందు సూది వేసే ఈ పని పట్టుకున్నది. నలభై గజాల నుంచి తుపాకీతో తుంటి మీద కొడితే ఏడాదిపాటు చూలు నిలవదు. నొప్పి ఉంటుందా అన్నావు. జోరీగ కుట్టినట్టు ఉలిక్కిపడి, నాలుగడుగులు వేసి, మళ్ళీ మేతలో పడుతుంది. "మీ నాన్న గుర్రాల్ని పట్టి అమ్మాడు, నువ్వు వాటికి కుటుంబ నియంత్రణ చేస్తున్నావు" అని వెక్కిరిస్తావు గానీ, ఈ చలికాలం కూడా గుంపు మొత్తం తన కొండ మీదే ఉంటుంది. ఇది నా చేతి పని. గర్వంగానే రాస్తున్నాను.

ఇక నీ పేరు పెట్టిన గుర్రం సంగతి. బెనిటా బాగుంది. ఇప్పటికీ నీటి దగ్గర ముందు తానే తాగాలి, మొగుణ్ణి కూడా చెవులు వెనక్కి పెట్టి బెదిరిస్తుంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు. మే నెలలో ఈనింది, ఎర్రటి ఆడపిల్ల.

పుట్టకూడని పిల్ల అది, బెనిటాకు నిరుడే సూది పడినట్టు మా పుస్తకంలో ఉంది. బెనిటాకూ దాని చెల్లెలు లూపేకూ తేడా ఒక్కటే. తెల్లమచ్చ బెనిటాకు కుడి వెనక కాలికి, లూపేకు ఎడమ వెనక కాలికి. మా పనిలో కుడి అంటే గుర్రానికి కుడి, చూసేవాడికి కాదు. సూది నేను వేస్తాను, ట్రక్కులోంచి దుర్భిణితో కాలు చూసి ఎవరెట్ రాస్తాడు. అంత దూరం నుంచి సూది పడడం కనబడదు. బెనిటా ఈనేసరికి అందరూ ఒకటే అనుకున్నారు: ముసలాయన కుడి ఎడమలు తారుమారు చేసి లూపేను బెనిటా అని రాశాడు, రెండు సూదులూ లూపేకే పడ్డాయి అని.

లెక్క ముగిశాక కాఫీ తాగుతూ, లెక్క చూడడానికొచ్చిన ప్రభుత్వ అధికారిణి ఆయన్ని ఆటపట్టించింది.

"ఎవరెట్ గారూ, ఇరవయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపారు కదా. కుడి ఎడమ తెలీకుండా పిల్లల్ని ఇళ్ళకెలా చేర్చారండీ?"

"వాళ్ళే చెప్పేవాళ్ళు తల్లీ, 'తాతా, ఇటు కాదు, అటు' అని."

అందరితో పాటు తనూ నవ్వాడు. తరువాత నా పక్కకొచ్చి మెల్లగా, "ప్రొఫెసరమ్మా, వచ్చే ఏడు రాసే పని ఇంకెవరికైనా ఇచ్చెయ్. నా ఒక్కడి పొరపాటుకి హెలికాప్టర్ వచ్చుండేది" అన్నాడు.

"అలాంటి మాటలొద్దు" అన్నాను. ఆయన కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను.

అమ్మా, ఎవరెట్ తప్పు రాయలేదు. నిరుడు మార్చిలో బెనిటా నా ముందు అడ్డంగా, తుంటి చూపిస్తూ నిలబడింది. ఆరేళ్ళలో దానికి పుట్టింది ఒక్కటే పిల్ల, దాన్నీ కొండసింహం ఎత్తుకుపోయింది. ఆ రోజు అది మరో తల్లి పిల్ల వీపు నాకుతూ ఉంది. నేను తుపాకీ దించి ఇసుకలోకి కాల్చాను. ఖాళీ సూది ఏరి తెచ్చి ఎవరెట్ చేతిలో పెట్టి, "పడింది" అన్నాను.

రేపు పొద్దున్నే ఆయనకూ, అధికారిణికీ చెబుతాను. ఈ పని నా చేతిలోంచి తీసేసినా సరే, అది తేల్చుకున్నాను. తేలనిది ఇంకొకటి. నూట పందొమ్మిది గుర్రాలను పణంగా పెట్టి ఒక పిల్లను పుట్టనిచ్చాను. ఇవాళ అది తల్లి పొట్ట కింద దూరి పాలు తాగుతుంటే చాలాసేపు చూశాను. చేసింది తప్పని అనుకోలేకపోయాను, ఒప్పనీ అనుకోలేకపోయాను. మార్చిలో బెనిటా మళ్ళీ అలాగే నిలబడితే సూది వేస్తానో లేదో, అమ్మా, నాకు తెలియదు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
గ్రాసియానా