ప్యాకింగ్ వెయ్యని పదిహేను రోజులు

డిసెంబరు 2, 1979, ఆదివారం
గవర్నర్‌పేట లైబ్రరీ మీటింగులో లెక్చరర్ పూర్ణచంద్రరావు నలభై మంది ముందు నా ప్రశ్నని తొక్కేశాడు.

ఆయన చెప్పింది ఇదీ. సృష్టి లెక్కలో రెండు కొండంత అంకెలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఆవగింజంత మిగిలిందట. అది సహజం కాదట. కనక ప్రతి కణానికీ ఓ జత ఉండి లెక్క సరిచేస్తూ ఉండాలట. జర్మనీలో ఎలక్ట్రాన్లని గుద్దించి వెతుకుతున్నారట.

"దొరక్కపోతేనండీ?" అన్నాను.

"ఆ జత ఇంకా బరువుంటుందన్నమాట. ఇంకా పెద్ద యంత్రం కడతారు. లేతు తిప్పుకునేవాడివి, నీకెందుకయ్యా?"

మా ఆటోనగర్‌లో దీన్ని ప్యాకింగ్ అంటారు. షాఫ్టు వదులైతే బేరింగు కింద రేకుముక్క దోపి సరిపెట్టడం.

నిర్ణయం: 16న మళ్ళీ మీటింగు. అందాకా ఒక్క పనికీ ప్యాకింగ్ వెయ్యను. అప్పుడు లేచి అదే ప్రశ్న మళ్ళీ అడుగుతా.

డిసెంబరు 3
రెండు షాఫ్టులు. కొలతకి కొలత. సృష్టికర్త నా దగ్గర పని నేర్చుకోవచ్చు.

డిసెంబరు 6
ఒకే షాఫ్టు మూడుసార్లు పాడుచేశా. మేస్త్రి రామ్మూర్తి: "ఏరా సొలొమోనూ, మీ దేవుడు ఆరు రోజుల్లో లోకం మొత్తం చేశాడుగా. నీకు ఒక్క షాఫ్టుకి మూడు రోజులా?"

డిసెంబరు 8
అట్టముక్క పెట్టా. రేకు కాదు కనక లెక్కలోకి రాదు.

డిసెంబరు 10
రేకే. కాని పల్చటిది. పల్చటివి ప్యాకింగ్ కిందికి రావని పొద్దున్నే నియమం సవరించా.

డిసెంబరు 13, ఉదయం 11.00
కూచిపూడి నుంచి మణెమ్మగారు వచ్చింది, తన బియ్యం మిల్లు షాఫ్టూ బేరింగూ బస్టాండు నుంచి రిక్షాలో వేసుకుని.

"మిల్లు నిండిపోయి బస్తాలు రోడ్డెక్కాయి నాయనా. ఏదో ఒకటి దోపి పంపించు."

"అది సహజం కాదండీ."

"పంట రోజుల్లో నా మిల్లు ఆగటం సహజమా?"

11.40. దోపేశా. మూడు రేకులు.

డిసెంబరు 16, ఆదివారం
మీటింగుకి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? పడుకున్నా.

డిసెంబరు 17
షెడ్డులో మణెమ్మగారి పని కార్డు కనపడింది. నా రాతే, నా సంతకమే: "మూడు రేకులు వేశాను. నాలుగోది కావాల్సి వస్తే షాఫ్టు పారెయ్యాలి." ఏ కార్డు మీదైనా అలాగే రాస్తాం. రాయకపోతే మేస్త్రి చెయ్యి విరగ్గొడతాడు.

రేపటి నుంచి మళ్ళీ ప్యాకింగ్ బంద్. ఈ ఉత్తరం ఇప్పుడే పోస్టు చేశా:

"లెక్చరర్ గారూ, నేనూ ప్యాకింగ్ వేశాను. కాని ఎక్కడ ఆపాలో రాసి సంతకం పెట్టాను. మీరూ పెట్టండి. ప్రోటాను బరువుకి ఎన్ని రెట్లదాకా వెతికీ జత దొరక్కపోతే ఆ సిద్ధాంతాన్ని పారేస్తారు? ఒక్క అంకె చాలు. 23వ తేదీ ఆదివారం సాయంత్రం ఆరింటిలోపు లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఉండాలి."