రెండు వందల పన్నెండు మందీ నేనే

ఆరోగ్యాధికారి గారి సముఖమునకు, పాత సూది తెచ్చినవారికి కొత్త సూది ఇచ్చు గదిలోని గుమాస్తా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా గదిని మూసివేయుటకు తాము ఇచ్చిన ఉత్తర్వునకు నా నిజాయితీయే కారణమని ఒప్పుకొనుట గురించి.

1. మత్తుమందు ఎక్కించుకొనువారు ఒకరి సూది ఒకరు వాడి హెచ్.ఐ.వి. తెచ్చుకొనరాదని ఈ గది పెట్టిరి. పాతది డబ్బాలో వేయవలెను, కొత్తది పట్టుకుపోవలెను. అంతవరకు సజావుగా జరిగినది.

2. తదుపరి తమ కార్యాలయము నలుబదియారు ప్రశ్నల పత్రము పంపి, అది నింపనిదే సూది ఇవ్వరాదన్నది. నేను రాత్రిబడిలో చదివి నలుబది రెండవ ఏట పట్టా పుచ్చుకొన్నవాడను. ప్రశ్నపత్రమన్న నాకు భక్తి. మొదటి దినమున వచ్చినవాడు నా భార్య తమ్ముడు. బావమరిది అని చూడక "తమరు" అనియే సంబోధించి, ఒక్క ప్రశ్నయు వదలక అడిగితిని. పందొమ్మిదవ ప్రశ్న వద్ద వాడు, "బావా, సూదిస్తావా, పరీక్ష పెడతావా? రాత్రిబడి కసంతా నా మీద తీర్చుకుంటున్నావేంటి?" అని లేచిపోయి, మా గోడ వెనుకనే స్నేహితుని సూది వాడినాడు. ఆ దినము నుండి నా భార్య నాతో "కంచం అక్కడుంది" తప్ప వేరు మాట అనుట లేదు.

3. మరునాటి నుండి అందరికీ సూదులు ఇచ్చి పంపి, పత్రములు నేనే నింపితిని. అయితే పత్రము అడుగున "పై సమాధానములు నాకు తెలిసినంతవరకు సత్యములు" అని ఉన్నది. పరుల సంగతి నాకేమి తెలియును? కావున 212 పత్రములలోను నాకు తెలిసిన సత్యమునే, అనగా నా గురించియే, వ్రాసితిని. వయస్సు: నలుబదియేడు. మత్తుమందు: లేదు, టీ రెండు పూటలా. సూది ఎవరితో పంచుకొన్నారు: సూది ఎవరితోను లేదు, దుప్పటి భార్యతో (ప్రస్తుతము అదియు లేదు).

4. దానిపై తాము, మా పేటలో ప్రమాదకరమైన అలవాట్లు సున్నాకు దిగినవని మెచ్చి, నాకు ప్రశంసాపత్రము, గదికి మూసివేత ఉత్తర్వు ఒకే కవరులో పంపిరి. ప్రశంసాపత్రము వాపసు చేయుచున్నాను. ఫ్రేము కట్టించి ఉన్నందున బరువుకు మన్నించవలెను.

5. బావమరిదికి మా గదిలోనే చేసిన మొదటి రక్తపరీక్షలో ఏమియు లేదు. కాని అంతలోనే తేలదనియు, మూడు నెలలకు మరల చేయవలెననియు గదికి వచ్చు నర్సమ్మ చెప్పినది. ఆ తేదీ, తమ ఉత్తర్వు ప్రకారము గది మూతపడిన పిమ్మట నాలుగవ దినమున వచ్చును. వేరొక చోటికి పొమ్మన్న, "అక్కడ నన్ను తిట్టడానికి నువ్వుండవుగా బావా" అని మొరాయించుచున్నాడు.

కావున నన్ను తమకు తోచినట్లు శిక్షించి, గదిని మాత్రము ఉంచి, సూది ముందు, ప్రశ్నలు పిమ్మట అని ఉత్తర్వు సవరింప చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సూదుల గది గుమాస్తా
(212 మంది తరఫున)

తా.క.: అర్జీ చదివి నా భార్య, "ఆ దుప్పటి మాట కొట్టెయ్యండి, సిగ్గు లేకపోతే సరి" అన్నది. రెండు నెలలకు ఆమె నాతో ఆడిన మాట కావున, దాని గుర్తుగా కొట్టివేయక ఉంచితిని. బావమరిది బయట బల్ల మీద కూర్చుని 213వ పత్రము స్వహస్తముతో నింపుచున్నాడు. ఇప్పుడే పందొమ్మిదవ ప్రశ్న దాటినాడు సార్. తలుపు ముయ్యకండి.