నా చేతి స్లాబు

ఆమదాలవలస,
12-8-2024.

చిన్ననాటి స్నేహితుడు విక్టర్‌కి, కూర్మయ్య నమస్కరించి రాస్తున్నాను.

ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. మీరెలా ఉన్నారని అడగడానికి మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను. శాంతి చెల్లెమ్మ భుజానికి కట్టు విప్పారా? చెయ్యి పైకి లేస్తోందా? ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. అందుకే ముప్పై ఏళ్లుగా తాపీ తప్ప కలం పట్టనివాణ్ణి ఈ కాగితం ముందు కూర్చున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే, గోడ కాదు గనక సర్దుకో.

మీ నౌపడ రోడ్డు ఫ్లాటులో వంటింటి స్లాబు పెచ్చు ఊడి చెల్లెమ్మ మీద పడిన రోజు ఆసుపత్రికి వచ్చాను. నీ చేతి పనే గదరా ఇది అని ఒక్క మాట అనేసి మొహం తిప్పేసుకున్నావు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మాట అన్నం దగ్గర కూడా నన్ను వదలడం లేదు.

మొన్న బిల్డరు పృథ్వీరాజ్ మా ఇంటికొచ్చాడు. ఇన్నేళ్లలో మా గుమ్మం తొక్కడం అదే మొదలు. మేస్త్రీలు తనకి తెలియకుండా సిమెంటు తగ్గించేశారని రాసిన కాగితం తెచ్చి, సంతకం ఎట్టెయ్ కూర్మయ్యా, నీకేటీ అవదు అన్నాడు. నేను పెట్టలేదు. ఒక్క బస్తా కూడా తగ్గలేదు, దొంగతనం అంటగడితే ఊరుకునేది లేదన్నాను. మా ఆవిడ సీతమ్మ మజ్జిగైనా ఇవ్వకుండా సాగనంపింది.

తరవాత మీ లాయరు సుహాసినమ్మని కలిశాను. మేస్త్రి తప్పు చేసినా సరే, కట్టించి అమ్మినవాడు చేతులు దులుపుకుంటే చట్టం ఒప్పుకోదని చెప్పింది. కానీ స్లాబులోని ఇనుప ఊచల్ని ఉప్పు తినేసిందని ఇంజినీరు రిపోర్టు ఇస్తే, పని దగ్గరున్న బోరు నీళ్లు ఉప్పనని నాకెలా తెలుస్తుందని పృథ్వీరాజ్ జవాబిచ్చాడట. ఆ మాట నెగ్గితే ఇంటి మరమ్మతూ, చెల్లెమ్మ వైద్యమూ అన్నీ నీ పింఛను మీదే పడతాయి. అందుకే ఇరవయ్యో తారీఖున వినియోగదారుల కమిషన్ ముందుకొచ్చి, స్లాబుకి వాడింది ఆ బోరు నీళ్లేనని చెబుతానన్నాను.

అక్కడ కనబడితే నాతో మాట్లాడకపోయినా పర్వాలేదు. ఆ ఇంట్లో మాత్రం ఉండకండి. కేసు తేలేదాకా మా ఇంటికి వచ్చేయండి, ముందు గది ఖాళీగానే ఉంది.

ఇట్లు,
నీ కూర్మయ్య

తా.క. ఉత్తరం మడిచేసి మళ్లీ విప్పాను. పని మొదలెట్టే ముందు నీళ్లు నోట్లో పోసుకుని చూడడం మా మేస్త్రీల అలవాటు. ఆ స్లాబు వేసిన రోజూ చూశాను. ఉప్పన. ఉమ్మేసి పృథ్వీరాజ్‌కి చెప్పాను. సిమెంటుకి నాలికుంటాదేటి, కానీయ్ అన్నాడు. కానిచ్చాను. మరుసటేడు నువ్వొచ్చి, ఒరే కూర్మా, నువ్వు కట్టినాదే గదా, కొనీమంటావేటి అని అడిగావు. నా పని బాగులేదని నీతో చెప్పుకోవడానికి సిగ్గేసింది. కళ్లు మూసుకుని కొనీరా అన్నాను. ఇదంతా ఇరవయ్యో తారీఖున కమిషన్ ముందు చెబుతాను. నువ్వు లాయరమ్మతో చెప్పి, కేసు కాగితాల్లో పృథ్వీరాజ్ పేరు కింద నా పేరు కూడా రాయించు.