జడ్జిగారి అన్న

లారెల్ రేవు, ఒహాయో
1856 అక్టోబరు

అమ్మకి ఎలైహు నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. వెర్మాంట్ చలికి నీ కీళ్లనొప్పులు ఎలా ఉన్నాయో నువ్వే రాయి, చెల్లెలైతే దాచిపెడుతుంది.

నీ ఉత్తరం నిండా లెమ్యుల్ సంగతులే అడిగావు. నా గురించి చివర ఒక్క ముక్క. సరే, వాడి గురించే చెబుతాను. అవును, తమ్ముడు ఫెడరల్ జడ్జి అయ్యాడు. ప్రెసిడెంటు సంతకంతో కాగితం వచ్చింది. బతికున్నన్నాళ్లూ ఆ కుర్చీ వాడిదే.

పల్లెబడిలో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి తెచ్చి, నా ఆఫీసులో కూర్చోబెట్టి లా నేర్పింది నేను. ప్లీడరయ్యాక మొదటి కేసులోనే నన్ను ఓడించాడు. ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడ్డా జూరీ వాడి వైపే. వాడు చమత్కరిస్తే నవ్వేవారు, నేను చమత్కరిస్తే ఆవలించేవారు.

ప్రమాణస్వీకారం విందుకి ఎందుకు వెళ్లలేదని అడిగావు. జ్వరమని చెప్పించాను గానీ, అసలు సంగతి కడుపుమంట. ఇప్పుడు వాడు కోర్టులోకి వస్తే అందరితోపాటు నేనూ లేచి నిలబడాలి. మొదటిరోజు ఇంటికి రాగానే నీ కోడలు ప్రూడెన్స్ అందుకుంది.

“మరిదిగారికి లేచి నిలబడ్డారటగా. మోకాళ్లకి నూనె రాయమంటారా?”

“వాడికి కాదు, ఆ కుర్చీకి.”

“అయితే మన వంటింటి కుర్చీక్కూడా ఓసారి లేవండి, పాపం అదీ కుర్చీయేగా.”

వాడి పేరు సిఫారసు చేస్తూ సెనేటరుకి రాసింది నేనేనని ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది. నువ్వూ మురిసిపోయి ఉంటావు. మురవకమ్మా. ప్రేమతో రాయలేదు. జడ్జి అయినవాడు ఇక వాదించకూడదు కదా, నా దారికి అడ్డు తొలగుతుందని రాశాను.

పోయిన వారం రెండు స్టీమర్లు ఢీకొన్న కేసు వాడి ముందే వాదించాను. అన్న కేసు కాబట్టి వేరే జడ్జికి పంపుతానన్నాడు. అవతలి ప్లీడరే అక్కర్లేదన్నాడు. ఎన్నడూ లేనంత బాగా మాట్లాడాననే అనుకున్నాను. ఓడల కేసులకి జూరీ ఉండదు, తీర్పు జడ్జిదే. నాకే ఇచ్చాడు. బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి, “బాగా వాదించావన్నయ్యా” అన్నాడు. చిన్నప్పుడు నాన్న చూస్తుండగా పరుగుపందెంలో కావాలని వెనకబడి, “బాగా పరిగెత్తావన్నయ్యా” అన్నది కూడా అచ్చం ఇదే గొంతుతో.

అప్పట్నుంచి నాకు తిండి సహించడం లేదు. వాడికి రాసేటప్పుడు మాటవరసకి అడుగు, ఆ కేసు అన్నయ్య నిజంగానే గెలిచాడా అని. నేను అడగమన్నానని మాత్రం రాయకు.

ఇట్లు,
నీకు మొదట పుట్టిన కొడుకు,
ఎలైహు