బావ మూయించిన తలుపు

మంగళవారం, తెనాలి

రేపల్లె రైలు కూత మైకులో పడుతోందని మా బావ తన రికార్డింగ్ స్టూడియో వెనక తలుపు పీకించి గోడ కట్టించాడు. లోపలంతా చవక ఫోమ్ అతికించాడు. ఇవాళ ఒక ముక్కకి పెరట్లో నిప్పంటించి చూపించాను. మండుతూ బొట్లు బొట్లుగా కారింది.

"ఆ ఫోమ్ పీకేసి రాక్‌వూల్, అదే రాతి ఉన్ని, పెట్టించు బావా, శబ్దం ఆపుతుంది, నిప్పూ అంటుకోదు. ఆ తలుపు మళ్ళీ పెట్టించు" అన్నాను.

"శుభమా అని ఓపెనింగ్ పెట్టుకుంటే ఈ అపశకునం మాటలేంటి?" అని నా మీదకే లేచాడు. మొండి వెధవ! శుక్రవారం ఆ ఫోమ్ మధ్యలోనే మైకుకి కర్పూర హారతి ఇస్తాడట. పైగా గొప్పలు: "లోపల గొంతు చించుకున్నా బయట ఒక్కడికీ వినపడదు."

హారతి అవగానే లోపల మొదటి పాట పాడేది నా కూతురు.

ఆ గోడ కోసం గునపం మా గుమ్మం పక్కనే పెట్టుకున్నాను. చుట్టరికం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.